అథ లిమిట్‌నోఫైల్ వ్యాఖ్యా

అవతారిక

మల్లినాథసూరి మన మెదక్ సీమ కొల్చారం వాడంటారు. కాళిదాసు కావ్యాలకు అంతటి టీకలు రాసినాయనకు కూడా మూలంలో ఒక్క మాత్ర మార్చే అధికారం లేదు. ఆ అధికారం టీకకు దక్కిన శాస్త్రం ఈ కలియుగంలో ఒకటుంది, పేరు సిస్టమ్‌డీ. పుట్టింది 2010లో. చాలా లినక్స్ సర్వర్లలో ఏ సేవకుడు ఎప్పుడు లేవాలో, ఎంత తినాలో, ఎప్పుడు చావాలో ఇప్పుడు చెప్పేది అదే. ప్యాకేజీతో వచ్చే సర్వీస్ ఫైలు మూలం. పక్కన ఓవర్‌రైడ్ పేరుతో మనం పెట్టుకునే చిన్న ఫైలు టీక. ఇద్దరికీ మాట పడకపోతే టీకదే పైచేయి. టీక వదిలేసి మూలాన్నే దిద్దుకున్నవాడి పాండిత్యం తర్వాతి అప్‌గ్రేడ్ దాకే నిలుస్తుంది.

ఖానాపూర్‌లో ఇంటి నుంచే పని చేస్తూ, హైదరాబాదులో ఉన్న మూడు నోడ్ల మేరియాడీబీ గలేరా డేటాబేస్ క్లస్టర్‌ను కాచుకునే ఒక శిష్యుడి కోసం ఈ వ్యాఖ్య.

మూలం

సర్వీస్
లిమిట్‌నోఫైల్ = 65535
టైమౌట్‌స్టార్ట్‌సెక్ = ఇన్ఫినిటీ

ఛందస్సు

యతిప్రాసలు లేవు. అక్షరదోషాన్ని ఈ శాస్త్రం క్షమిస్తుంది, భయపడవలసిందీ అక్కడే. పేరు తప్పు రాస్తే లాగ్‌లో ఓ మూల గొణిగి, ఆ పాదాన్ని లేనట్టే దాటిపోతుంది. కవి మాత్రం తన పద్యం అమల్లో ఉందనుకుంటాడు.

ప్రతిపదార్థం

లిమిట్ = హద్దు; నో = సంఖ్య (‘వద్దు’ అని అన్వయించినవారు పరీక్ష తప్పినవారు); ఫైల్ = తెరిచిన ఫైలు, ఇంకా తెరిచిన ప్రతి సాకెట్; 65535 = అందరూ రాస్తారు గనుక మనమూ రాసేది; టైమౌట్ = ఓర్పు; స్టార్ట్ = లేవడంలో; ఇన్ఫినిటీ = అంతులేనిది.

తాత్పర్యం

ఓ సిస్టమ్‌డీ! మా డేటాబేస్ ఒకేసారి అరవై అయిదువేల పైచిలుకు ఫైళ్లు తెరుచుకున్నా అడ్డుపడకు. అది లేచి ‘రెడీ’ అని నీకు కబురు పెట్టేదాకా దాని గొంతు పిసకకు.

ఆక్షేప సమాధానాలు

శిష్యుడు: “గదేందన్నా, లిమిట్స్ డాట్ కాన్ఫ్‌ల లక్ష రాసిన. అయినా ఎర్రర్ 24, టూ మెనీ ఓపెన్ ఫైల్స్ అనవట్టె.”

సమాధానం: తమ్మీ, ఆ ఫైలు లాగిన్ అయి లోపలికొచ్చే మనుషులకు. పామ్ అనే ద్వారపాలకుడు దాన్ని చదివి వచ్చినవాడికి హద్దులు కడతాడు. డేటాబేస్ డీమన్ ఎన్నడన్నా లాగిన్ అయిందా? దాన్ని పుట్టించేదే సిస్టమ్‌డీ, అది ద్వారం తొక్కనే తొక్కదు. నమ్మకం లేకపోతే ప్రాక్ డైరెక్టరీలో దాని పీఐడీ కింద లిమిట్స్ ఫైలు తెరువు. మ్యాక్స్ ఓపెన్ ఫైల్స్ వరుసలో నీ లక్ష ఉండదు. నీ శాసనం వేరే ఊరి చావడిలో చదివినారు.

“మరి మై డాట్ సీఎన్ఎఫ్‌ల ఓపెన్ ఫైల్స్ లిమిట్ పెంచితే?”

కడెం ప్రాజెక్టు నీకు దూరమేం కాదు. 2022 జూలైలో అయిదు లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. డిజైన్ ప్రకారం 18 గేట్లూ కలిసి వదలగలిగేది మూడు లక్షల దాకానే, అందులో ఒక గేటు మొరాయించింది. ఆ రాత్రి ఆఫీసు రిజిస్టర్‌లో ఏడు లక్షలని రాసిపెట్టినా ఒక్క చుక్క ఎక్కువ దిగేదా? డేటాబేస్ సొంత సెట్టింగుల ఫైలు మై డాట్ సీఎన్ఎఫ్ ఆ రిజిస్టర్, లిమిట్‌నోఫైల్ ఆ గేట్లు. సిస్టమ్‌డీ ఈ సేవకుడిని మొదటినుంచే మైఎస్క్యూఎల్ అనే మామూలు యూజర్‌గా లేపుతుంది, కాబట్టి తన హార్డ్ లిమిట్ తానే పెంచుకునే హక్కు దానికి లేదు.

అన్ని ఫైళ్లెందుకంటావా? ఇన్నోడీబీలో మామూలుగా టేబుల్‌కు ఒక ఫైలు. పార్టిషన్లు చేస్తే ఒక్కో పార్టిషన్‌కు ఒకటి. అప్లికేషన్ నుంచి వచ్చే కనెక్షన్ ఒక్కొక్కటీ అదే లెక్కలోకి వస్తుంది. 1024 అనే పాత హద్దు వీటికి ఏ మూలకు?

రెండో పాదానికి విశేష వ్యాఖ్య

అసలు రసం ఇక్కడుంది. సిస్టమ్‌డీ సొంత ఓర్పు 90 సెకన్లు. వెనకబడ్డ నోడ్ క్లస్టర్‌లో చేరబోతే, తేడా కొద్దిగా ఉంటే పొరుగు నోడ్ తన క్యాష్ నుంచి ఆ కాస్తా అందిస్తుంది. తేడా ఎక్కువైతే మొత్తం డేటా మోయాలి, దాన్నే ఎస్ఎస్‌టీ అంటారు. గిగాబిట్ లైన్ మీద 90 సెకన్లలో నడిచేది మహా అయితే పది జీబీ. డేటా 200 జీబీ అనుకో, అరగంట పని. ఆ 90 సెకన్ల ఓర్పే ఉంటే, పది జీబీ దించుకునేసరికి సిస్టమ్‌డీ వచ్చి ‘ఇంకా లేవలేదా’ అని చంపుతుంది. లాగ్‌లో టైమౌట్ అని కనబడుతుంది, మనం చూడం, మళ్లీ స్టార్ట్ కొడతాం. మళ్లీ మొదటి బైట్ నుంచి. ఎస్ఎస్‌టీకి ఆర్‌సింక్ పద్ధతి పెట్టుకుంటే అన్నిసార్లూ డేటా ఇచ్చే దాత నోడ్‌లో రాతలు కూడా ఆగుతాయి. అందుకే మేరియాడీబీ వాళ్లు తమ మూలంలోనే ఈ ఓర్పును 900 సెకన్లకు పెంచారు. పాత వెర్షన్లలో పెద్ద డేటాకు అదీ చాలేది కాదు.

పాఠాంతరం

229వ వెర్షన్‌కు ముందు సిస్టమ్‌డీలో ‘ఇన్ఫినిటీ’కి బదులు ‘0’ అని రాయాలి. తర్వాతి వెర్షన్లు కూడా పాతవారి మర్యాదకు సున్నాను అనంతంగానే స్వీకరిస్తాయి. శూన్యమూ అనంతమూ ఒకటేనని వేదాంతులు ఎన్ని గ్రంథాలు రాశారో! ఇక్కడ ఒక్క ఈక్వల్ గుర్తుతో తేలిపోయింది. నా మట్టుకు ‘ఇన్ఫినిటీ’ పాఠమే గ్రాహ్యం. నడిరాత్రి నిద్రకళ్లతో చూసినవాడికి సున్నా అంటే ‘అసలు ఎదురుచూడకు’ అని తోస్తుంది.

“అనంతం పెట్టినంక నిజంగనే ఇరికిపోతే?” అని శిష్యుడు. మంచి ఆక్షేపణ. అప్పుడు కాపలా సిస్టమ్‌డీది కాదు, నీది. ఎర్రర్ లాగ్ టెయిల్ పెట్టి కూచో.

ప్రయోగం

సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో టీక రాయి. చేత్తో ఫైలు పెట్టినవాడైతే డీమన్ రీలోడ్ కొట్టాలి, లేకపోతే సిస్టమ్‌డీ పాత పాఠమే వల్లిస్తుంది. నడుస్తున్న సేవకుడికి కొత్త ఫైళ్ల హద్దు అంటదు, రీస్టార్ట్ తప్పదు. ఆ రీస్టార్ట్ ఒక్క నోడ్‌కే. మూడూ కలిపి ఆపితే క్లస్టర్‌ను మళ్లీ తొలినుంచి నిలబెట్టాలి, అది వేరే అధ్యాయం. లేచిన నోడ్‌ను డబ్ల్యూఎస్‌రెప్ లోకల్ స్టేట్ ఎంతని అడుగు. 1 అంటే ఇంకా చేరుతోంది, 3 అంటే చేరింది గాని బకాయి ఉంది. 4 అన్నాక రెండో నోడ్‌కు పో.