కొత్త కార్పొరేటర్ చెవిన పడే తప్పుడు సలహాలు

సైదాబాద్‌లో ఎవరైనా కార్పొరేటర్‌గా పోటీ చేస్తామని నోరు తెరిస్తే చాలు, మాదన్నపేట మండీ నుంచి ఐ.ఎస్. సదన్ చౌరస్తా దాకా సలహాలకు కొదవ ఉండదు. ఓట్ల లెక్కల్లో ఆ పెద్దమనుషుల అనుభవాన్ని నేను తక్కువ చేయను. ప్రజల డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్ళు చెప్పేవాటిలో చాలావరకు తప్పు. నమ్మినవాళ్ళ ఇంటికి నోటీసు వచ్చేంత తప్పు. బాగా చెలామణీలో ఉన్నవాటిని ఎత్తి రాస్తున్నాను, ఎందుకు వినకూడదో కూడా చెబుతాను.

"అందరం కలిసి చెయ్యెత్తుతం, మనొక్కణ్ణే పట్టుకుంటరా?"

అన్నిటికంటే పాత సలహా ఇది. 2020 డిసెంబర్‌లో బల్దియాకు, అంటే జీహెచ్‌ఎంసీకి, 150 డివిజన్లలో ఎన్నికలు జరిగాయి. అంతమంది ఎత్తిన చేతుల్లో ఒక చెయ్యి ఎవరికి కనిపిస్తుందన్నది ధైర్యం. మన చట్టాలు ఆ ధైర్యం ఇవ్వవు. ముందు పంచాయతీల సంగతి: 1994 పంచాయతీరాజ్ చట్టంలో 265వ సెక్షన్ చూడండి. పంచాయతీ డబ్బుకో ఆస్తికో నష్టం జరిగినా, వృథా అయినా, పక్కదారి పట్టినా, అది తన నిర్లక్ష్యం వల్లో దుష్ప్రవర్తన వల్లో నేరుగా జరిగిందని తేలితే సర్పంచే కాదు, ప్రతి సభ్యుడూ బాధ్యుడే. నష్టపరిహారం కోసం అతని మీద కోర్టులో దావా వేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టమే ఇప్పటికీ నడుస్తోంది, తెలంగాణకు 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఇక స్థానిక సంస్థల లెక్కలు తనిఖీ చేసే స్టేట్ ఆడిట్ శాఖకు 1989 చట్టం ఉంది. చెల్లించకూడని బిల్లు చెల్లించినట్టు తేలితే, ఆ మొత్తాన్ని మంజూరు చేసిన మనిషి మీదే సర్‌ఛార్జి వేసే దారి అందులో ఉంది. సర్‌ఛార్జి అంటే ఇక్కడ పన్ను మీద పన్ను కాదు, సొంత జేబులోంచి కట్టించడం.

గుంపుగా ఉంటే ఏమీ కాదనుకున్నవాళ్ళకు ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ సంగతి చెప్పాలి. 1985లో అక్కడి నగర సభ్యులు ప్రభుత్వం మీద నిరసనగా ఆస్తి పన్ను నిర్ణయించకుండా కావాలని ఆలస్యం చేశారు. దానివల్ల జరిగిన నష్టం లక్షా ఆరు వేల పౌండ్లని ఆడిటర్ తేల్చి, ఆ డబ్బు 47 మంది మీదా కలిపి వేశాడు. 1987లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కూడా దాన్ని సమర్థించింది. డబ్బుతో పాటు పదవులూ పోయాయి.

"మేడమ్ ఇంట్ల ఉంటే చాలు, సంతకాల సంగతి సార్ చూసుకుంటడు."

నాకు ఎక్కువ కోపం తెప్పించే సలహా ఇది. బల్దియాలో సగం సీట్లు మహిళలవి. ఆ సీటు మీద గెలిచిన ఆడమనిషిని వార్డు ఆఫీసుకు రానివ్వకుండా, భర్తో మరిదో మీటింగులు నడిపి, ఎస్టిమేట్లు మాట్లాడి, కాగితాలు ఇంటికి పంపించి "ఇక్కడొక సంతకం పెట్టు" అనడం మన బస్తీల్లో ఎవరూ వింతగా చూడరు. రేపు ఆడిట్ అభ్యంతరం వచ్చిన రోజున నోటీసు మీద సార్ పేరు ఉండదు. ఏసీబీ కేసైనా అంతే. మున్సిపల్ కౌన్సిలర్ అవినీతి నిరోధక చట్టం కింద పబ్లిక్ సర్వెంటేనని మనీశ్ త్రివేది కేసులో 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్నికైన మనిషి ఆమె, సంతకం ఆమెది. భర్త చెప్పాడు కాబట్టి పెట్టానంటే నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టే అవుతుంది.

అక్కా, మీరు కార్పొరేటర్ అయితే ఫైలు మీ చేతికే రావాలని పట్టుబట్టండి. చదవడం రాకపోతే నమ్మకమైన మనిషి చేత చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. అర్థం కానిది అసిస్టెంట్ ఇంజనీర్‌ను (ఏఈని) కూర్చోబెట్టి అడగండి. ఎన్నిసార్లు అడిగినా తప్పు కాదు. ఇంట్లో గొడవ అవుతుందని భయం ఉంటుంది, నాకు తెలుసు. ఆ గొడవ ఒక రోజుది. సంతకం మాత్రం మీ పేరు మీద ఏళ్ళ తరబడి ఉంటుంది.

"ముందు పని చేయించు, బిల్లు ఎనకనే వస్తది."

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ చుట్టూ స్థిరపడినవాళ్ళలో నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. సర్పంచ్ పని చేసిన బావో తమ్ముడో లేని ఇల్లు తక్కువ. వాళ్ళను అడిగితే ఈ సలహా ఎంత ఖరీదైందో చెబుతారు. తెలంగాణ సర్పంచుల పదవీకాలం 2024 జనవరి చివర ముగిసింది. సీసీ రోడ్లు, మోరీలు, వైకుంఠధామాలు అప్పు తెచ్చి కట్టించినవాళ్ళు పెండింగ్ బిల్లుల కోసం ఆ తర్వాత కూడా ధర్నాలు చేస్తూనే ఉన్నారు. వాళ్ళలో నిజాయతీగా పని చేసినవాళ్ళకు జరిగింది అన్యాయం, ప్రభుత్వం ఆ డబ్బు ఇవ్వాలి. కొత్తగా వచ్చేవాళ్ళు మాత్రం ఇందులోంచి ఒక సంగతి పట్టుకోవాలి. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, బడ్జెట్‌లో కేటాయింపు, ఈ మూడు కాగితాలు లేకుండా మొదలుపెట్టిన పని ఎంత మంచిదైనా, బిల్లు రాకపోతే అప్పు నీది, వస్తే ఆడిట్ అభ్యంతరం నీది.

దీనికి తోడుగా వచ్చేది పనిని ముక్కలు చేయమనే సలహా. ఒకే గల్లీ డ్రైనేజీని మూడు ఎస్టిమేట్లుగా విడగొడితే టెండర్ తప్పుతుంది, తెలిసినవాడికి నామినేషన్ మీద ఇవ్వొచ్చు అంటారు. ఆడిటర్లు మొట్టమొదట వెతికేది ఇలాంటి ముక్కలనే. ఒకే తేదీ, ఒకే గల్లీ, ఒకే కాంట్రాక్టర్ కనిపిస్తే చాలు. ఆ కాంట్రాక్టులో మీ వాటా ఉంటే అసలు సభ్యత్వానికే ఎసరు.

"అజెండా అంత లావు బుక్కు ఎవడు సదువుతడు? పార్టీ ఏం చెప్తే అదే."

చదవాలి. 2018 ఫిబ్రవరిలో 8.9 శాతం వడ్డీకి 200 కోట్లు, అదే ఏడాది ఆగస్టులో 9.38 శాతానికి 195 కోట్లు, 2019 ఆగస్టులో 10.23 శాతానికి 100 కోట్లు బాండ్ల మీద బల్దియా అప్పు తెచ్చింది. ఫ్లైఓవర్లూ జంక్షన్లూ కట్టడానికి అప్పు చేయడం తప్పని నేననను. ఏడాదిన్నరలో వడ్డీ ఎలా పెరుగుతూ పోయిందో చూడండి. ఇలాంటి అంశం మీద చెయ్యెత్తేముందు వడ్డీ ఎంత, తీర్చేది ఎప్పుడు, ఏ ఆదాయంలోంచి అని అడగని సభ్యుడు సంతోష్‌నగర్, చంపాపేట ఇళ్ళ ఆస్తి పన్నును చదవకుండా తాకట్టు పెట్టినట్టే. పదిహేను మంది ఉండే స్టాండింగ్ కమిటీకి ఎన్నికైతే బాధ్యత ఇంకా ఎక్కువ. రోడ్డు వెడల్పు కోసం ఎవరి ఇల్లు ఎంత పోవాలన్న ప్రతిపాదనలు అక్కడికే వస్తాయి.

చివరి నిమిషంలో వచ్చే టేబుల్ ఐటెమ్‌ల మీద మరీ జాగ్రత్త. చదవడానికి సమయం ఇవ్వకపోతే వాయిదా వేయమనండి. వినకపోతే "నేను వ్యతిరేకిస్తున్నాను, కారణం ఇది" అని మినిట్స్‌లో రాయించి, ఆ కాపీ దగ్గర ఉంచుకోండి. ఊరికే లేచి బయటికి వెళ్ళిపోతే టీవీలో కనిపిస్తారు గానీ, అభ్యంతరం ఏమిటో రికార్డులోకి ఎక్కదు.

పార్టీ కాపాడుతుందన్న నమ్మకం కూడా వద్దు. లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ నాయకురాలు షర్లీ పోర్టర్ తన పార్టీకి ఓట్లు పెరగాలని ఎంచుకున్న వార్డుల్లో కౌన్సిల్ ఇళ్ళను అమ్మించింది. 2001లో అత్యున్నత న్యాయస్థానం ఆమెను బాధ్యురాలిని చేసింది. చివరికి 2004లో కోటీ 23 లక్షల పౌండ్లు ఆమె కట్టాల్సి వచ్చింది, పార్టీ కాదు.

ఇదంతా చదివి "అయితే ఏ ఫైలూ ముట్టుకోవద్దు, ఏ పనీ చేయొద్దు" అనుకుంటే అది మరో తప్పుడు సలహా. సద్భావంతో తీసుకున్న నిర్ణయం నష్టం తెచ్చినంత మాత్రాన సభ్యుడి ఇల్లు జప్తు కాదు, కాకూడదు కూడా. లండన్‌లోనే పాప్లర్ సభ్యులు పేదల మీద పన్ను భారం తగ్గించాలని పోరాడి 1921లో జైలుకు వెళ్ళారు. వాళ్ళను దొంగలతో కలపడం నాకు ఇష్టం లేదు. ఇంగ్లండ్ 2000లో చేసిన చట్టంతో ఆ సర్‌ఛార్జి పద్ధతినే తీసేసింది. 1994 పంచాయతీరాజ్ చట్టంలోని 265వ సెక్షన్ నిర్లక్ష్యం, దుష్ప్రవర్తన, వాటివల్ల నేరుగా జరిగిన నష్టం అని గీత గీసింది. అది న్యాయమైన గీత. లోపం చట్టంలో కన్నా, దాన్ని వాడమని అడిగేవాళ్ళు లేకపోవడంలో ఉంది.

అడగాల్సింది మనం. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, మీ గల్లీలో పూర్తయిందని చెబుతున్న పని ఎస్టిమేటు, కొలతల పుస్తకం (ఎంబీ) నకలు, దాని మీది ఆడిట్ అభ్యంతరాలు కోరండి. పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి ఇవ్వమనే హక్కు కూడా అదే చట్టం ఇచ్చింది. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన కాగితాలతో కాలనీ సంఘం నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి కార్పొరేటర్ దగ్గరికి వెళ్ళి, ఇందులో మీ సంతకం ఎక్కడుందో చూపించమని అడగండి.