మేకు దిగని రాతి మీద: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

ఆ. బైకులెక్కి పోవు బాటసారులకెల్ల
గండికోట మీద గాలి హోరు
మేకు దిగదు రాతి మీద డేరాలేల
నిదుర లేక చూడు నిండు పెన్న

అవతారిక: శనివారం తెల్లవారుజామున బెంగళూరులో బయలుదేరి, ఆదివారం రాత్రికి ఎవరి గదికి వారు చేరుకోవలసిన బుల్లెట్ల బృందం ఒకటి. అందులో పద్యాల పిచ్చి ఉన్న ఒకడు వాట్సాప్‌లో పెట్టిన ఆటవెలది ఇది. దీనికి బదులుగా వచ్చినవి రెండు బొటనవేళ్ళ బొమ్మలు, "పెట్రోలు ఎక్కడ కొట్టిద్దాం?" అనే ఒక ప్రశ్న. సహృదయులు కరువైన చోటే కదా టీకాకారుడికి పని!

ప్రతిపదార్థం: బైకులు ఎక్కి = మోటారు సైకిళ్ళను అధిరోహించి. బాగేపల్లి దాటి, కదిరి మీదుగా, జమ్మలమడుగు పక్కనున్న కోట దాకా సుమారు 280 కిలోమీటర్లు. ఎక్కడం గురించి చెప్పిన కవి దిగడం గురించి చెప్పలేదేమని ఆక్షేపణ. అంత దూరం కూర్చున్నాక దిగడమన్నది ఒక్క క్రియతో అయ్యే పని కాదు, అందుకు మరో పద్యం కావాలని సమాధానం.

బాటసారులకు ఎల్ల = దారిన పోయే వారందరికీ. ఏమి? 'దక్కును' అని అధ్యాహారం చేసుకోవాలి. దక్కేది గాలి హోరు. హెల్మెట్‌లో పొద్దంతా విన్నదే, రాత్రి డేరాలోనూ వినబడుతుంది కనుక పునరుక్తి దోషం ఉంది. అయితే ఆ దోషం కవిది కాదు, వాతావరణానిది.

గండికోట = ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన చోట, ఆ లోయ అంచున కట్టిన దుర్గం. లోయ లోతు సుమారు 300 అడుగులు. నది వైపు కందకం తవ్వే శ్రమ కోటను ఏలిన పెమ్మసాని నాయకులకు లేకపోయింది. లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామా మసీదు, పెద్ద ధాన్యాగారం, వాటి మధ్య ఇప్పటికీ జనం కాపురముండే ఊరు. బృందం వీటన్నిటినీ చూసింది, ముప్పావు గంటలో.

మేకు దిగదు = ఈ పద్యానికి ప్రాణం ఇదే. డేరాతో పాటు సంచీలో వచ్చే అల్యూమినియం మేకులు ఇక్కడ వంగుతాయే గాని దిగవు. కారణం శత్రువుల శాపం కాదు. ఒకప్పటి ఇసుక, రేణువుకు రేణువు అతుక్కుని క్వార్ట్‌జైట్‌గా బిగుసుకుపోయిన రాయి ఇది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ పొరకు గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు పెట్టుకున్నారు. వింత ఏమిటంటే, 17వ శతాబ్దం నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను ఆపలేని కొండ, ఆన్‌లైన్‌లో కొన్న మేకును మాత్రం అంగుళం కూడా రానివ్వదు.

మరి డేరా నిలబెట్టేదెలా? వంపు కడ్డీల మీద తనంతట తానే నిలిచే డోమ్ డేరా తెచ్చుకోవాలి. మేకులకు బదులు తాళ్ళను బరువైన రాళ్ళకు కట్టాలి. లోపల నాలుగు మూలలా సామాను పెట్టి, గుమ్మం గాలికి ఎదురు కాకుండా తిప్పాలి. అంచుకు దూరంగా ఉండాలి. పాత మండపం స్తంభం ఎంత అనువుగా కనిపించినా దానికి తాడు కట్టకూడదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి ఎవరి టీకా అక్కరలేదు.

డేరాలు ఏల = గుడారాలు ఎందుకు? ఇక్కడ కవితో విభేదించక తప్పదు. ఈ కొండ మీద డేరాకు పెద్ద చరిత్రే ఉంది. 1652లో రత్నాల వ్యాపారి టావెర్నియర్ గండికోటకు వచ్చి, సెలవు తీసుకునేందుకు మీర్ జుమ్లాను కలిసింది డేరాలోనే. ఆ ఫ్రెంచివాడు రాసిపెట్టుకున్న దాని ప్రకారం మీర్ జుమ్లా వట్టి కాళ్ళతో కూర్చుని ఉన్నాడు. కాలివేళ్ళ సందుల్లో ఉత్తరాలు, ఎడమ చేతి వేళ్ళ మధ్య మరికొన్ని ఉత్తరాలు! ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పి రాయిస్తున్నాడట. సెలవురోజున డేరాలో బోర్లా పడుకుని ఆఫీసు మెసేజీలకు జవాబిచ్చే మన రైడర్లకు ఆదిగురువు ఆయనే. సిగ్నల్ అక్కర్లేకపోవడం ఒక్కటే ఆయన అదృష్టం.

నిండు పెన్న = నీరు నిండిన పెన్నానది. 'ఎండు పెన్న' అని కొందరు దిద్దబోయారు. రాయలసీమ నది గురించి వారి సందేహం సబబే కాని, 'నిదుర'లోని 'ని'కి 'ఎ'తో యతి కుదరదు. పెన్న ఎండవచ్చు, యతి చెడరాదు. పైగా ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం ఆనకట్ట ఉన్నాయి. ఆ వెనుకనీరు లోయలో నిలిచి ఉంటుంది కనుక నీటిపారుదల శాఖే ఈ పాఠాన్ని సమర్థిస్తోంది.

తాత్పర్యం: వెళ్ళండి, నిద్ర మీద ఆశ పెట్టుకోకండి.

విశేషం: 'బాటసారులకెల్ల' అని అందరినీ పిలిచిన కవి చివరికి 'చూడు' అని ఏకవచనంలోకి దిగాడు. వ్యాకరణ దోషమని తొందరపడరాదు. రాత్రంతా డేరా గుడ్డ టపటపలు వింటూ దొర్లినవాళ్ళకు తెల్లవారుజామున నాలుగింటికి సరిగ్గా కన్ను మూతపడుతుంది. ఎర్రటి రాళ్ళ మీద ఎండ పడేవేళకు లేచి ఉండేది ఒక్కడే. మిగతావారు ఎనిమిదింటికి లేచి, అతను తీసిన ఫోటోలు తమకు పంపమంటారు.