నల్లరేగడిలో సావధాన్

ఎన్‌సీసీలో చేరితే క్రమశిక్షణ వస్తుందంటారు. గుడివాడలో మా బ్యాచ్‌కి ముందుగా వచ్చింది ఆకలి. పరేడ్ అయ్యాక పూరీలు పెడతారన్న వార్త ఎలా పొక్కిందో గానీ, ఆ ఏడాది దరఖాస్తు ఫారాలు చాల్లేదు. తొమ్మిదైతే గానీ దుప్పటి వదలనివాళ్ళు ఆదివారం తెల్లారకుండానే ఇస్త్రీ ఖాకీల్లో బారులు తీరారు. ఒక్క దేశం కోసమే అయితే అంత పొద్దున్నే లేచేవాళ్ళమో లేదో చెప్పలేను.

అసలు మా డెల్టా కవాతుకి పనికొచ్చే నేల కాదు. వానపడితే నల్లరేగడి బూటుని పట్టుకుని ఇక వదలదు. ‘తేజ్ చల్’ అనగానే ఢిల్లీలో అప్పటి రాజ్‌పథ్ మీద టకటకలాడేది. మా గ్రౌండులో వచ్చేది దమ్ము చేస్తున్న మడిలోని చప్పుడు. ‘థమ్’ అంటే అందరం ఒక్కసారే ఆగాలి. మనుషులం ఆగేవాళ్ళం. ఒకరిద్దరి బూట్లు మాత్రం అంతకుముందే నాలుగు గజాల వెనక ఆగిపోయి ఉండేవి. శిక్షణకొచ్చిన ఉస్తాద్‌ది ఉత్తరాది. ఎడారిలో చేశాను, మంచులో చేశాను, ఇలాంటి నేల మాత్రం చూడలేదని హిందీలో వాపోయేవాడు. రాత్రి ఆ మట్టి పుల్లతో గీకి, పాలిష్ పట్టి, బెల్టు బిళ్ళకి బ్రాసో రుద్దేసరికి సినిమాకి వెళ్ళే ఓపిక ఉండేది కాదు. ఇంట్లోవాళ్ళు మాత్రం కుర్రాడు దారిలో పడ్డాడని మురిసిపోయేవారు.

మా బాబాయి ఒక్కడే పెదవి విరిచేవాడు. 1948లో చట్టంతో పుట్టిన ఎన్‌సీసీని, చైనాతో యుద్ధమయ్యాక 1963లో కాలేజీ మగపిల్లలకి తప్పనిసరి చేశారు. 1968లో మళ్ళీ ఇష్టమున్నవాళ్ళకే అన్నారు. ఆయన సరిగ్గా ఆ మధ్యలో చదివాడు. “మాది చైనావాడి కోసం ఎన్‌సీసీరా, మీది పూరీల కోసం” అనేవాడు. చైనావాడు గుడివాడ దాకా రాలేదు కాబట్టి ఆయన మాట కాదనడానికి లేదు.

క్యాంపులో బందరు, గుడివాడ, దివి కుర్రాళ్ళని ఒకే టెంటులో కుక్కారు. డచ్చివాళ్ళు కోట కట్టింది మా ఊళ్ళోనే అని బందరువాళ్ళు. మా జంక్షన్ దాటకుండా మీ ఊరికి రైలెలా వస్తుందని మేము. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ మా చుట్టుపక్కలవాళ్ళేనని చివరి అస్త్రం వదిలేవాళ్ళం. ఈ గొడవ తేలేలోగా అవనిగడ్డ కుర్రాడు మాట్లాడకుండా బందరు లడ్డూలు ఖాళీ చేసేవాడు. రాత్రి సెంట్రీ డ్యూటీలో “థమ్! కౌన్ ఆతా హై?” అని గర్జిస్తే, చీకట్లోంచి “నేనేరా, ఒంటేలుకి” అని జవాబు. శత్రువు అలా చెప్పి వచ్చేసినా వదిలేసేవాళ్ళమే.

మా నాన్నమ్మది నాగాయలంక దగ్గరి పల్లె. నేను ఇంట్లో సెల్యూట్ కొట్టి చూపిస్తే పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. రెండు కర్రలు, ఒక దుప్పటితో దెబ్బతిన్న మనిషిని మోసుకెళ్ళే డోలీ ఎలా కట్టాలో చూపించిన రోజు మాత్రం నవ్వలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన మనిషి. “మళ్ళీ కట్టి చూపించరా” అంది. ముడి వదులైన చోట తనే లాగి బిగించింది.

మొన్న పక్కింటాయన వాళ్ళబ్బాయిని వెంటబెట్టుకుని వచ్చి, ఎన్‌సీసీలో చేరిస్తే ఏమిటి లాభం అని అడిగాడు. డిగ్రీలో 50 శాతం మార్కులు, ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడు ఉంటే సైన్యంలో ఆఫీసరు కొలువుకి రాతపరీక్ష లేకుండానే ఎస్సెస్బీ ఇంటర్వ్యూ దాకా వెళ్ళే దారి ఉందన్నాను. ఇంజనీరింగ్ సీట్లలో కోటా ఒక శాతం అన్నాను. ఆయన ఆ ఒక శాతాన్ని మనసులోనే కాలేజీల మీద పంచి చూసుకుంటున్నాడు. ఈలోగా కుర్రాడు నోరు విప్పాడు.

“మావయ్యా, క్యాంపులో ఫోను ఉంచుకోనిస్తారా?”

“మా మేనల్లుడిది తీసి పెట్టెలో పెట్టేశార్రా. ఆఖరి రోజున ఇచ్చారట.”

అంతవరకూ గుమ్మం దగ్గర మా ఆవిడతో కూర రేట్లు మాట్లాడుతున్న వాళ్ళమ్మ గబగబా ముందుకొచ్చింది.

“ఫారాలు ఎక్కడిస్తారు అన్నయ్యగారూ?”