రెండు గంటల్లో పెళ్లి ముగించేవాళ్లం

ఇప్పటి పెళ్లి వీడియోలు చూస్తే నాకు కడుపు మండుతుంది. 64 జీబీ పెన్‌డ్రైవు ఒకటి తెచ్చి చేతిలో పెడతారు. అందులో ముహూర్తం ఎక్కడుందో తీసినవాడికీ తెలియదు, తీయించుకున్నవాడికీ తెలియదు. మండపం మీద డ్రోను తిరిగిందే అరగంట. తలంబ్రాలు పోసేటప్పుడు మాత్రం ఫోటోలవాడి వీపు! అడిగితే, "అంతా ఉంది కద సార్" అంటాడు. అంతా ఉంటే సరిపోతుందా?

తిరుపతిలో గాంధీరోడ్డు పక్క సందులో మాదొక చిన్న అంగడి. కంప్యూటర్లో ఉన్న వీడియోలను ఇంటి ప్లేయర్లో ఆడేలా డీవీడీలు చేసి ఇచ్చేవాళ్లం. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఏముందన్నా, కాపీ కొట్టి ఇయ్యి, అయిదు నిమిషాల పని." కాపీ కొడితే కంప్యూటర్లో ఆడుతుంది, కాదనను. టీవీ కింద కూర్చున్న ప్లేయరు మాత్రం డిస్కును మింగి, గరగరమని తిప్పి, ఆడనని బయటికి తోసేది. దానికి ఏవీఐలు, ఎంపీ4లు పట్టవు. కావలసింది ఎంపెగ్-2. అదీ మన దేశపు పాల్ పద్ధతిలో: అడ్డం 720 చుక్కలు, నిలువు 576, సెకండుకు 25 బొమ్మలు. వాటిని 1 జీబీ దాటని వీఓబీ ముక్కలు చేసి, దేని తర్వాత ఏది ఆడాలో చెప్పే ఐఎఫ్ఓ ఫైళ్లు జతచేసి, వీడియో_టీఎస్ అనే ఫోల్డర్లో పెడితేగానీ దొరగారికి తలకెక్కేది కాదు. తర్వాత్తర్వాత కొన్ని ప్లేయర్లు డివ్‌ఎక్స్ ఫైళ్లు కూడా ఆడించాయి. అయితే ఊళ్లో మామ ఇంట్లో ఉండేది ఏ ప్లేయరో మాకేం తెలుసు?

పెంటియం 4 మీద రాత్రి పెట్టి పోతే పొద్దునకు మారేది. మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కాసేపు కుయ్యికుయ్యిమని అరిచి పడుకునేది, మళ్లీ మొదటికి. కాల్చేటప్పుడు పోయిందంటే డిస్కు కూడా చెత్తబుట్టకే. డబ్బా మీద 16 ఎక్స్ అని ఉన్నా మేము 4 ఎక్స్‌లోనే కాల్చేవాళ్లం. నిదానంగా కాల్చినవాటికి పాత ప్లేయర్లు తక్కువ మొరాయించేవి. ఇంత చేసి ఇస్తే, పలమనేరు పక్క నుంచి వచ్చిన ఒకామె మర్నాడే డిస్కు వెనక్కి తెచ్చింది, "ఆడలేదు సామీ" అని. తిప్పి చూద్దును కదా, మెరిసే పక్క పసుపు పూసి, నడిమధ్యన కుంకుమబొట్టు! పూజ గదిలో పెట్టి తీసిందంట. మెత్తని గుడ్డతో తుడిచి ఇచ్చాను, ఆడింది. బొట్టు పెట్టేట్టయితే పేరు రాసిన పక్క పెట్టుకోమ్మా అని చెప్పి పంపించాను.

2007లో మోసర్ బేర్ వాళ్లు సినిమా డీవీడీలనే 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక మాకు ఇంకో తద్దినం. "సినిమానే 34కి ఇస్తాండారు, మా పెళ్లికి ఇంత రేటా?" అని బేరం. అమెరికాలో కొడుకున్నవాళ్లకైతే వేరే పాట్లు. అక్కడి ప్లేయర్లు చాలావరకు పాల్ డిస్కును ముట్టుకోవు. వాళ్లకోసం ఎన్‌టీఎస్‌సీలో, 720 బై 480లో, మళ్లీ మొదటి నుంచీ చేయాలి. అదే పెళ్లి, రెండోసారి.

ఇంత గోలలోనూ ఒక మేలు జరిగేది. డిస్కులో పట్టేది 4.7 జీబీ, కంప్యూటరు లెక్కలో 4.38. బొమ్మ బాగుండాలంటే రెండు గంటలు, అంతే. నాలుగు గంటలు కుక్కితే బిట్‌రేటు, అంటే సెకండు బొమ్మకు దక్కే చోటు, తగ్గిపోయి తలంబ్రాలు గళ్లుగళ్లుగా రాలేవి. అందుకని పెళ్లికూతురి నాయనను పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చుకునేవాళ్లం. "మా చిన్నాయన కనబడకపోతే కొంపలంటుకుంటాయి" అని ఆయన, "భోజనాలు అరగంట ఎందుకు సామీ" అని నేను. చివరికి కాశీయాత్ర, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, అప్పగింతలు అని మెనూలో వరసగా పెట్టేవాళ్లం. చదువురాని అవ్వ కూడా రిమోటులో మూడో అంకె నొక్కితే తాళి కట్టే చోటికి పోయేది. ఇప్పుడు చదువుకున్న మనవడు వేలితో జరుపుతూ జరుపుతూ విసుగొచ్చి వదిలేస్తున్నాడు.

పెళ్లిళ్లదాకా ఎందుకు, చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే భారతమే తీసుకోండి. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. ఎంత తీసినా తరగదు. ఊరి పెద్దమనుషులతో కూర్చుని, అర్జునుడు తపస్సు మాను ఎక్కేది, కింద పిల్లల కోసం ఆడవాళ్లు తడిబట్టలతో సాష్టాంగం పడేది, చివర్న మట్టి దుర్యోధనుడి బొమ్మ దగ్గర భీముడి గద, ఆ తర్వాత ఆ బొమ్మకు చీపురు దెబ్బలు, వీటిని ఏరి డిస్కు చేస్తే బెంగళూరులో కూలికి పోయినవాళ్లు కూడా అడిగి తీసుకుపోయేవాళ్లు. ఇప్పుడు అదే తిరునాళ్లను వందమంది ఫోన్లెత్తి తీస్తారు. తపస్సు మాను మొదటి నుంచి చివరిదాకా ఒక్కడి దగ్గరా ఉండదు. ముక్కలు వాట్సాప్‌లో పంపుకుంటారు, అది బొమ్మను ఇంకా నలిపేస్తుంది. మేము బిట్‌రేటు కోసం కొట్టుకు చచ్చింది దీనికేనా?

ఇప్పుడు చక్రం తిరగబడింది. ఆ డిస్కులే తెచ్చి "ఫోనులోకి ఎక్కించు తాతా" అంటున్నారు. కొత్త ల్యాప్‌టాపుల్లో డీవీడీ డ్రైవే పెట్టడం లేదు. ఇంట్లో కాల్చిన డిస్కుల్లో రంగు పూత ఉంటుంది, ఎండకూ వేడికీ అది చెడిపోతుంది. మన రేణిగుంట ఎండల్లో బీరువా మీద పడేసినవి ఎన్నాళ్లుంటాయి? కాబట్టి డిస్కులున్నవాళ్లు యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవు ఒకటి సంపాదించి, వీడియో_టీఎస్ ఫోల్డరు మొత్తం అలాగే కంప్యూటర్లోకి కాపీ చేసి పెట్టుకోండి. డిస్కు తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పొద్దు, మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి. పక్కింటి కుర్రాడు ఎంపీ4 చేసిస్తానంటే చేయించుకోండి, కానీ అసలు ఫోల్డరు మాత్రం చెరపనివ్వొద్దు.