నా బరువు నేను చెప్పను

నా ఒంటి మీద అక్షరాలున్నాయి. 1902 డిసెంబరు 23న గులాం మహమ్మద్ నన్ను ఎత్తినట్టు చెక్కిన అక్షరాలు. గులాం మహమ్మద్ అంటే ఎవరికీ తెలీదు, గామా పహిల్వాన్ అంటే తెలుస్తుంది. రాయిగా పుట్టి శాసనంగా బతకడం అన్ని రాళ్లకూ పట్టే యోగం కాదు. మావాళ్లలో చాలామంది గోడల్లోకీ మెట్లలోకీ తిరగళ్లలోకీ పోయారు. నేను మాత్రం బరోడాలో, సయాజీబాగ్ మ్యూజియంలో స్థిరపడ్డాను.

ఇక్కడ నా ఇరుగుపొరుగు మామూలువాళ్లు కాదు. ఈజిప్టు నుంచి వచ్చిన మమ్మీ, నీలి తిమింగలం అస్థిపంజరం. తిమింగలాన్ని చూసి జనం నోరు తెరుస్తారు. మమ్మీ దగ్గర పిల్లలు అమ్మ కొంగు పట్టుకుంటారు. నా దగ్గరికొచ్చేసరికి "ఇంతేనా?" అంటారు. నిజమే, నా ఎత్తు సుమారు రెండున్నర అడుగులు. 1200 కిలోలని పక్కనున్నవాడు చెప్పగానే మాత్రం ఇంకోసారి వంగి చూస్తారు.

అక్కడి నుంచి వాదన మొదలవుతుంది. ఈ కాలపు మహాబలులే ఇనుప కడ్డీకి చక్రాలు తగిలించి నేల మీంచి లేపడంలో 500 కిలోల దగ్గర ముక్కుతున్నారు కదా, మరి ఈయనెలా ఎత్తాడంటాడొకడు. ఆ రోజుల్లో నెయ్యీ పాలూ వేరంటాడు ఇంకొకడు. రొమ్ముదాకా ఎత్తి నాలుగడుగులు నడిచాడని ఒక కథ, ఒక అంచు లేపితేనే ఎత్తినట్టు లెక్కేసుంటారని ఒక అనుమానం. నా బరువు నాకు తెలుసు. ఆ రోజు జరిగిందీ తెలుసు. రెండూ చెప్పను. చెప్తే నా దగ్గర ఆగేవాళ్లు సగమైపోతారు, ఆ మాత్రం లౌక్యం రాళ్లకూ ఉంటుంది.

నజర్‌బాగ్ ప్యాలెస్‌లో కుస్తీ పోటీలకని వచ్చాడాయన. మూడో సయాజీరావు గైక్వాడ్ ఏలుబడి. బరోడా అసలే వస్తాదుల ఊరు. జుమ్మాదాదా తాలింఖానా అప్పటికే ఇరవై ఏళ్ల నాటిది. ముస్లిం గురువు పేరున్న ఆ తాలింఖానాను ఆయన తర్వాత శిష్యుడు మాణిక్‌రావు నడిపాడు. అలాంటి ఊళ్లో కండలు చూసి ఎవరూ బెదరరు. ఐదడుగుల ఏడంగుళాల ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు వచ్చి నా ముందు కూర్చుని, అరచేతులతో నన్ను తడిమాడు. వైద్యుడు పొట్ట తడిమినట్టు, ఎక్కడ గట్టి, ఎక్కడ నునుపు, ఎక్కడ పట్టు దొరుకుతుంది అని. మట్టి, నూనె, చెమట కలిసిన వాసన. ఆ తర్వాతది చెప్పనన్నానుగా.

ఆయన గురించి తక్కినవన్నీ నేను విన్నవే. నన్ను చూడ్డానికొచ్చిన పహిల్వాన్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటుంటే విన్నవి. అమృత్‌సర్ దగ్గర జబ్బోవాల్‌లో 1878లో కుస్తీపట్ల ఇంట పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. పదేళ్లప్పుడు జోధ్‌పూర్ మహారాజు బస్కీల పోటీ పెడితే, నాలుగొందలకు పైగా పహిల్వాన్ల మధ్య ఈ పిల్లాడు చివరి పదిహేనుమందిలో మిగిలాడు. బళ్లో అయ్యవారు శిక్షగా తీయించే గుంజీలకు బస్కీలు పెద్దన్నలాంటివి. వయసు చూసి మహారాజు గెలుపు పిల్లాడికే ఇచ్చాడు. తర్వాత దతియా రాజు చేరదీశాడు. పెద్దయ్యాక రోజుకు ఐదువేల బస్కీలు, మూడువేల దండీలు తీసేవాడంటారు. బస్కీలు తీసేటప్పుడు మెడకు తగిలించుకున్న 95 కిలోల హస్లీ పాటియాలాలో జాతీయ క్రీడా సంస్థ మ్యూజియంలో ఉంది. నడిమధ్య చిల్లుతో గారెలా ఉంటుందట. నాకంటే దానికే ఆయన ఎక్కువ తెలిసుండాలి. నేను ఒక్కరోజు చుట్టాన్ని, అది రోజూ మెడకు వేలాడింది.

కానీ అందరూ నన్నే అడుగుతారు. అక్కడే నాకు చిన్న బాధ. నన్ను ఎత్తడం కుస్తీ కాదు. నేను తప్పించుకోను, కాలు మెలేయను, ఊపిరి బిగపట్టి ఎదుటివాడు అలిసేదాకా కాచుకోను. కుస్తీ వేరు. అదేమిటో 1910లో లండన్ వెళ్లినప్పుడు ఆయనకే తెలిసొచ్చింది.

తమ్ముడు ఇమామ్ బక్ష్‌తో ఓడెక్కి వెళ్తే, పొట్టివాడని పోటీలోకి రానివ్వలేదు. ఏ బరువువాళ్లయినా సరే, ముగ్గుర్ని అరగంటలో పడేస్తానని సవాలు విసిరాడు. బూటకమనుకుని ఎవరూ రాలేదు. చివరికి బెంజమిన్ రోలర్ అనే అమెరికా డాక్టరు దిగాడు. మొదటిసారి రెండు నిమిషాలు కూడా నిలవలేదు, రెండోసారి పది నిమిషాల లోపే. ఆ తర్వాత సెప్టెంబరు 10న, 250 పౌన్లకూ జాన్ బుల్ బెల్టుకూ, పోలండు మల్లుడు స్టానిస్లాస్ జిబిస్కోతో పోటీ. అక్కడ గోదా లేదు, పరుపులు. మట్టి లేనిచోట మట్టి కరిపించడం ఎలాగో మరి. నిమిషం లోపే గామా అతన్ని కింద పడేశాడు. వెల్లకిల తిప్పి రెండు భుజాలూ పరుపుకి ఆనిస్తే చాలు, గెలిచినట్టే.

తిరగలేదు. జిబిస్కో చేతులూ మోకాళ్లూ ఊని, పరుపుకి అతుక్కుని ఉండిపోయాడు. గామా లాగాడు, తోశాడు, మెడ కింద చేయి దూర్చాడు. రెండున్నర గంటలు. ఈ కథ ఎప్పుడు విన్నా నాకు నవ్వొస్తుంది. అతను ఆ రోజు నా విద్య నేర్చుకున్నాడన్నమాట! గామా చేతిలో ఓడకూడదంటే ఒకటే ఉపాయం, రాయైపోవడం. అయితే నిజం రాయిని ఎత్తినవాడు ఆ మనిషి రాయిని తిప్పలేకపోయాడు. నాకు ఎత్తించుకోకూడదన్న పట్టుదల లేదు, అతనికుంది. అదే తేడా. పోటీ తేలలేదు. 17న మళ్లీ పెడితే జిబిస్కో రాలేదు, బెల్టు గామాకిచ్చారు.

అతన్ని పిరికివాడంటే నేనొప్పుకోను. తర్వాత అతను అమెరికాలో పట్టిన వృత్తి కుస్తీ చాలావరకు ముందే రాసుకున్న నాటకం. ఎవరు గెలవాలో గోదా బయటే తేల్చేసేవాళ్లు. 1925లో ఫిలడెల్ఫియాలో వేన్ మన్ చేతిలో ఓడాల్సిన ఈ ముసలి జిబిస్కో, మాట తప్పి నిజంగానే పట్టుపట్టి అతన్ని చిత్తుచేశాడు. అంతటివాడు గామా ముందు బోర్లా పడుకున్నాడంటే ఎదుట ఉన్నదెవరో తెలిసే. 1928 జనవరిలో పాటియాలాలో ఇద్దరూ మళ్లీ కలిశారు. ఇద్దరికీ యాభైకి అటూ ఇటూ. ఈసారి మట్టి గోదా. రాయయ్యేందుకు వ్యవధి దొరకలేదు, నిమిషంలోపే అయిపోయింది.

ఇక్కడికొచ్చే పహిల్వాన్లు సాధారణంగా పాటియాలాతో కథ ఆపేస్తారు. మిగతాది గొంతు తగ్గించి చెప్పుకుంటారు. దేశం చీలింది. ఆయన లాహోర్‌లో, నేను బరోడాలో. మోహినీ రోడ్డులో తమ వీధి హిందువులకు ఆయన అడ్డంగా నిలబడి కాపాడాడని కుటుంబంవాళ్లు చెబుతారు. చివరి రోజుల్లో జబ్బు, డబ్బు ఇబ్బంది. ఇటునుంచి పారిశ్రామికవేత్త బిర్లా సాయం పంపాడు. 1960 మే 23న పోయాడు. మనవరాలు కుల్సూమ్ తర్వాత, పాకిస్తాన్ ప్రధానిగా చేసిన నవాజ్ షరీఫ్‌కు భార్య అయింది.

మొన్న శ్రీకాకుళం వైపు నుంచి ఒక తాత, మనవడు వచ్చారు. తాత నన్ను చూసి పెదవి విరిచాడు. "మన వీరఘట్టం కోడి రామ్మూర్తి గుండెల మీద ఏనుగునెక్కించుకున్నాడ్రా. ఈ రాయేపాటిది!" అన్నాడు. నేనేమీ అనుకోలేదు, ఎవరి ఊరి భీముడు వాళ్లకు గొప్ప. మనవడు మాత్రం నా చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఎత్తేసినాక ఎక్కడెట్టినాడు తాతా?" అన్నాడు.

"కిందెట్టీసుంటాడు."

"మెల్లగెట్టినాడా, పడీసినాడా?"

తాత దగ్గర జవాబు లేదు. నూట ఇరవై ఏళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. మూసేసే వేళయిందని కాపలావాడు విజిల్ ఊదాడు, తాత పిల్లాడి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. ఇంకాస్సేపు ఉంటే ఎలాగైనా చెప్పేదాన్నేమో. పడెయ్యలేదు నాయనా. ముందు నా ఒక అంచు నేలకానింది. ఆయన వేళ్లు ఒక్కొక్కటే కిందనుంచి లాక్కునేదాకా నేను ఆ అంచు మీదే ఒరిగి ఆగాను.