ఫోనులో తెరవడానికి వీల్లేని వెబ్‌సైటు: తయారీ విధానం

ముందు 27 అంగుళాల మానిటర్ ఒకటి సంపాదించండి. పేజీ దాని మీదే కట్టండి, ఆఫీసరుగారికీ దాని మీదే చూపించండి. బిల్లు పాసయ్యేది అక్కడే. జనం దగ్గరుండే ఫోన్ల సంగతి జనం చూసుకుంటారు.

పేజీని ఫోను తెర వెడల్పుకి సరిపెట్టమని చెప్పే వ్యూపోర్ట్ ట్యాగు జోలికి పోకండి. ఆ ఒక్క లైనూ లేకపోతే ఐఫోన్‌లో సఫారీ మీ పేజీ వెడల్పు 980 పిక్సెళ్లనుకుని మొత్తాన్నీ కుదించేస్తుంది. అక్షరాలు చీమల బారులా వస్తాయి. ఎవరైనా పట్టుబట్టి ట్యాగు రాయించారనుకోండి, పక్కనే జూమ్ కుదరదని కూడా రాసేయండి. ఐఓఎస్ 10 నుంచి సఫారీ ఆ మాట లెక్కచేయడం లేదు గానీ, మీ వంతు ప్రయత్నం మీరు చెయ్యాలి.

2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్, వెడల్పులు శాతాల్లో ఇచ్చి, మీడియా క్వెరీలతో తెరను బట్టి అమరిక మార్చుకోవచ్చని వ్యాసం రాశాడు. చదవకండి. చదివితే పట్టికకి 1200 పిక్సెళ్లు బిగించే ధైర్యం సడలుతుంది.

అసలు పనితనం తెలుగు దగ్గర చూపించాలి. ఇంగ్లిషుకి సరిపెట్టిన లైన్ హైటే తెలుగుకీ ఉంచండి. పై లైనులో ‘రాష్ట్రం’ వత్తులు దిగొచ్చి కింది లైను గుడిదీర్ఘాల మీద కూర్చుంటాయి. ఏది ఎవరి వత్తో చదివేవాళ్లే తేల్చుకుంటారు. అర్జీదారు పేరు కనిపించే పెట్టెకి ఎత్తు బిగించి, మిగిలింది కత్తిరించమంటే ఇంకా మేలు: మవత్తు తెగి ‘లక్ష్మి’ కాస్తా ‘లక్షి’ అవుతుంది. తన అర్జీ కాదేమోనని ఆవిడ వెనక్కి వెళ్లిపోతుంది. పేజీ పైన ‘కులధ్రువీకరణపత్రముకొరకు’ అని ఒకే మాటగా పెద్దక్షరాల్లో వేయండి. మాట విరగదు, పేజీయే పక్కకి జారుతుంది. సర్కారీ తెలుగు ఇన్నాళ్లకి సాంకేతికంగా అక్కరకొచ్చింది.

మెనూలు మౌస్ ఆనిస్తేనే తెరుచుకోవాలి. వేలికి ఆ విద్య రాదు. బటన్ కనీసం 44 పాయింట్లుండాలని యాపిల్ చెబుతుంది. మీరు అందులో సగం చాలనుకుని, ‘సమర్పించు’, ‘రద్దు’ రెండూ అంటించి పెట్టండి. మొబైల్ నంబరు గడిలో అంకెల కీబోర్డు రానివ్వకండి. ఓటీపీ చూసుకోవడానికి మెసేజీల్లోకి వెళ్లొచ్చేసరికి ఫారం మొత్తం ఖాళీ అయిపోవాలి.

ఫిర్యాదు ఫారం తప్పకుండా పెట్టండి, పంపే బటన్ మాత్రం కుడి అంచు దాటాక ఉండాలి. ఏడాది చివర ఒక్క ఫిర్యాదూ రాలేదని నివేదికలో రాసుకోవచ్చు.