పాలకేంద్రంలో తేదీ చెప్పేదాన్ని

నన్ను కీబోర్డు మీద ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్ అని కొడతారు. పుట్టింది సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో. 1989లో ఆ భాషకు ప్రమాణం ఖరారైనప్పుడు నాకూ అందులో చోటు దక్కింది. ఆనక పైథాన్ నన్ను చేరదీసింది. ఇప్పుడు చంద్రగిరి దగ్గర ఒక పాలకేంద్రం కంప్యూటర్లో ఉంటున్నాను. లీటర్లు, వెన్న శాతం చూపే చీటీ మీద తేదీ, వేళ రాసేది నేనే.

కంప్యూటరు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కపెట్టుకుంటుంది. ఆ అంకెతో రైతుకు పనిలేదు. శాతం గుర్తు పక్కన చిన్న ఎమ్ ఉంటే నెల చెబుతాను, పెద్ద ఎమ్ ఉంటే నిమిషం. అయితే నా చేతికి ఏ గడియారం ఇచ్చారన్నదే అసలు సంగతి. ఇక్కడ తెల్లారి ఐదింటికే పాలు కొలుస్తారు. గ్రీన్‌విచ్ లెక్కన అది ముందురోజు రాత్రి పదకొండున్నర. పదిహేను రోజులకొక బిల్లు ఇచ్చేచోట, 16వ తేదీ పొద్దుటి పాలు 15 కింద పడితే పాత బిల్లులోకి పోతాయి. అందుకే స్క్రిప్టు రాసిన అమ్మాయి ముందుగా 'ఆసియా/కోల్‌కతా' అని టైమ్ జోను పేరు రాసి, ఆ తర్వాతే నన్ను పిలిచింది.

ఒకరోజు ఒక పెద్దాయన ఫోను చూపించి, "అమ్మణ్ణీ, మావాడు అమెరికా నించి 04/05/2025న వస్తా ఉండానని పెట్టినాడు. ఏప్రిల్ ఐదా, మే నాలుగా?" అనడిగాడు. అక్కడ నెల ముందు, ఇక్కడ రోజు ముందు. ఉత్త అంకెలు చూసి ఎవరు తేల్చగలరు? ఆనాటి నుంచి మా చీటీల మీద నెల పేరుతోనే పడుతోంది.

ఆ అమ్మాయికి ఇక్కడి కోట చరిత్రంటే ప్రాణం. చంద్రగిరి రాయల ఏలుబడిలో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషువాళ్లకు మద్రాసు స్థలం ఇచ్చిన రోజుగా 1639 ఆగస్టు 22ను చెప్పుకుంటారు. అది ఏ వారమని నన్నడిగింది. సోమవారం అన్నాను. నేను నేటి గ్రెగోరియన్ క్యాలెండరునే వెనక్కి నడిపి లెక్కిస్తాను. ఇంగ్లీషువాళ్లు 1752 దాకా జూలియన్ క్యాలెండరే వాడారు. 1639 నాటికి రెంటికీ పది రోజుల తేడా. వాళ్ల లెక్కలో ఆ తేదీ గురువారం! కోటలోని వాళ్లకైతే అది శాలివాహన శకం 1561, ప్రమాథి సంవత్సరం.

ఆ సంవత్సరం పేరు చీటీల మీద కూడా రావాలని ఆమె పట్టు. దానికి నా దగ్గర గుర్తేదీ లేదు. ఏటి సంఖ్యలోంచి 1987 తీసేసి అరవైతో భాగిస్తే, శేషాన్ని బట్టి పేరు దొరుకుతుంది. చిక్కల్లా ఉగాదితోనే. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న. ఉగాది రాకముందు పాలు పోస్తే పోయినేటి పేరే పడాలి. అందుకని పంచాంగం పక్కన పెట్టుకుని, ఒక్కో ఏటి ఉగాది తేదీని ఆమే పట్టికలోకి ఎక్కిస్తోంది.